మ్యాథమెటికల్ లాజిక్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా అప్లై చెయ్యాలి

ముందే ఒక మాట, ఇది బ్యాంకు పరీక్షల్లో వచ్చే రీజనింగ్ గురించి కాదు. గోడెల్, టార్స్కీ, ట్యూరింగ్ లాంటివాళ్ళు 1930ల్లో ఒక రూపానికి తెచ్చిన సబ్జెక్టు గురించి, అంటే ప్రూఫ్ అంటే ఏంటి, ఏది ప్రూవ్ చెయ్యగలం ఏది చెయ్యలేం, ఒక థీరమ్ ఎలాంటి స్ట్రక్చర్లలో నిజమవుతుంది, ఇలాంటివన్నీ మళ్ళీ మ్యాథ్స్‌తోనే తేల్చే సబ్జెక్టు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తూ ఇటు మనసు పోయినవాళ్ళు, బీటెక్ సీఎస్‌ఈ చదువుతూ డిస్క్రీట్ మ్యాథ్స్ పేపర్ ఒక్కటే నచ్చినవాళ్ళు, వీళ్ళ కోసం రాస్తున్నా.

మన దగ్గర ఇబ్బంది ఎక్కడుందంటే చాలా యూనివర్సిటీల ఎమ్మెస్సీ సిలబస్‌లో రియల్ ఎనాలిసిస్ ఉంటుంది, ఆల్జీబ్రా ఉంటుంది, టోపాలజీ, ఫంక్షనల్ ఎనాలిసిస్ ఉంటాయి, లాజిక్‌కి మాత్రం విడిగా పేపర్ కనబడదు, ఉన్నా ట్రూత్ టేబుల్స్, లాటిసెస్, బూలియన్ ఆల్జీబ్రా దగ్గరే ఆగిపోతుంది. క్లాసులో చెప్పేవాళ్ళు ఉండరు, సీనియర్లలో అటు వెళ్ళినవాళ్ళు తక్కువ, కన్సల్టెన్సీ వాళ్ళని అడిగితే డేటా సైన్స్ చెయ్యమ్మా అదే లైన్ కదా అంటారు. కాబట్టి అందరూ గూగుల్‌లో ర్యాంకింగ్ చూసి పైనుంచి పది యూనివర్సిటీలు రాసుకుని అప్లై చేస్తారు. లాజిక్‌కి ఈ పద్ధతి పనికిరాదు. మ్యాథ్స్ ర్యాంకింగ్‌లో టాప్‌లో ఉండి లాజిక్ చేసే ప్రొఫెసర్ ఒక్కరు కూడా లేని డిపార్ట్‌మెంట్లు ఉంటాయి, పేరు పెద్దగా వినబడకపోయినా ఐదారుగురు లాజిషియన్లు కూర్చుని ఉన్న ఊళ్ళూ ఉంటాయి. ముందు బ్రాంచ్ తేల్చుకోవాలి, ఆ తర్వాత ఆ బ్రాంచ్‌లో ఎవరు పనిచేస్తున్నారో చూడాలి, వాళ్ళు ఏ యూనివర్సిటీలో ఉంటే అది మీ లిస్టు.

బ్రాంచ్‌లు పాత లెక్కలో నాలుగు. మోడల్ థియరీలో ఫార్ములాలకీ వాటిని నిజం చేసే ఆల్జీబ్రా స్ట్రక్చర్లకీ ఉన్న సంబంధం చూస్తారు, ఫీల్డ్ థియరీ, ఆల్జీబ్రాయిక్ జామెట్రీ ఇష్టమున్నవాళ్ళకి ఇది బాగా కలుస్తుంది. సెట్ థియరీ అంటే అనంతాల లెక్క. కంటిన్యువం హైపోథెసిస్‌ని (సహజ సంఖ్యల అనంతానికీ వాస్తవ సంఖ్యల అనంతానికీ మధ్య ఇంకో సైజు అనంతం లేదనే మాటని) మామూలు ఏక్సియమ్స్ నుంచి కాదని ప్రూవ్ చెయ్యలేమని గోడెల్ 1938లో, అవునని కూడా ప్రూవ్ చెయ్యలేమని కోహెన్ 1963లో చూపించారు కదా, ఆ కోహెన్ కనిపెట్టిన ఫోర్సింగ్ అనే పద్ధతి రాకుండా ఇవాళ సెట్ థియరీలో అడుగు పడదు. కంప్యూటబిలిటీ థియరీ ట్యూరింగ్ 1936 పేపర్ దగ్గర మొదలై ఇప్పుడు ఏది ఎంత కంప్యూటబుల్ కాదు అనే దాకా వెళ్ళింది. ప్రూఫ్ థియరీ అంటే ప్రూఫ్‌నే ఒక వస్తువులా ముందు పెట్టుకుని కొయ్యడం, కంప్యూటర్ సైన్స్‌లో టైప్ థియరీకి దగ్గరి చుట్టం. ఈ నాలుగూ కాక మోడల్ (modal) లాజిక్ అని ఇంకొకటుంది, స్పెల్లింగ్ చూసి మోడల్ (model) థియరీతో కలిపెయ్యకండి, అది తప్పనిసరి, సాధ్యం, తెలుసు, నమ్మాడు లాంటి మాటల లాజిక్, ఫిలాసఫీ వాళ్ళూ ఏఐ వాళ్ళూ ఎక్కువ వాడతారు.

ఏది సరిపడుతుందో తెలియాలంటే ఫస్ట్ ఆర్డర్ లాజిక్ ("ప్రతి", "ఒకటుంది" అనే మాటల్ని వస్తువుల మీదే వాడి, వాటి సెట్ల మీద వాడని లాజిక్) ఒకసారి కుదురుగా చదివి తీరాలి. పుస్తకాలు బోలెడు ఉన్నాయి గానీ ఒకటి చెప్పమంటే ఎండర్టన్ రాసిన ఎ మ్యాథమెటికల్ ఇంట్రడక్షన్ టు లాజిక్ చెప్తాను. మొదటి రెండు చాప్టర్లు నీళ్ళు తాగినంత తేలిగ్గా రావాలి, గోడెల్ ఇన్‌కంప్లీట్‌నెస్ ఉన్న మూడో చాప్టర్ ఒకసారి పట్టుబట్టి పూర్తి చెయ్యాలి. మన దేశంలో రాసింది కావాలంటే కోల్‌కతా ఐఎస్‌ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రొఫెసర్‌గా పనిచేసిన ఎస్ ఎం శ్రీవాస్తవ గారి ఎ కోర్స్ ఆన్ మ్యాథమెటికల్ లాజిక్ ఉంది, ఎమ్మెస్సీ ఆల్జీబ్రా వచ్చినవాళ్ళకి అది ఇంకా హాయిగా ఉంటుంది. డబ్బులు పెట్టలేం అంటే ఓపెన్ లాజిక్ ప్రాజెక్ట్ టెక్స్ట్ నెట్‌లో ఫ్రీ.

చదివేటప్పుడు అందరూ దాటేసేది మొదట్లో వచ్చే డెఫినిషన్లు. ఫ్రీ వేరియబుల్, బౌండ్ వేరియబుల్, సబ్‌స్టిట్యూషన్, ఇవన్నీ బోరు అనిపించి థీరమ్‌ల దగ్గరికి దూకేస్తారు. దూకద్దు. చిన్న ఉదాహరణ, సహజ సంఖ్యల్లో "క కంటే పెద్దదైన చ ఒకటుంది" అనే ఫార్ములా తీసుకోండి. క స్థానంలో 7 పెట్టండి, నిజం. 700 పెట్టండి, నిజం. ఏది పెట్టినా నిజమే కదా అని క స్థానంలో చ పెట్టి చూడండి, "చ కంటే పెద్దదైన చ ఒకటుంది" అయిపోయింది, అంటే ఒక సంఖ్య తనకంటే తనే పెద్దది అంటున్నాం. ఏం జరిగిందంటే మనం పెట్టిన చ వెళ్ళి లోపలున్న క్వాంటిఫయర్‌కి, అంటే "చ ఒకటుంది" అనే మాటకి, దొరికిపోయింది. ఆ రెండు పేజీల డెఫినిషన్ మొత్తం ఈ ఒక్క ప్రమాదం కోసమే రాసింది, అది అర్థం కాకుండా ముందుకెళ్తే కంప్లీట్‌నెస్ థీరమ్ ప్రూఫ్ మధ్యలో ఎక్కడ కాలు జారిందో కూడా తెలీదు.

ఇక రుచి చూడాలంటే కాంపాక్ట్‌నెస్ థీరమ్. ఒక వాక్యాల సమూహంలోంచి ఏ పరిమితమైన గుంపు తీసుకున్నా దానికి మోడల్ (ఆ వాక్యాలన్నీ నిజమయ్యే స్ట్రక్చర్) ఉందంటే మొత్తం సమూహానికీ మోడల్ ఉంటుంది, అంతే స్టేట్‌మెంట్. ఇప్పుడు సహజ సంఖ్యల గురించి నిజమైన ఫస్ట్ ఆర్డర్ వాక్యాలన్నీ తీసుకోండి, భాషలోకి క అనే కొత్త పేరు ఒకటి తీసుకురండి, వాటికి తోడుగా "క 0 కంటే పెద్దది", "క 1 కంటే పెద్దది", "క 2 కంటే పెద్దది" అని ఆగకుండా రాసుకుంటూ పొండి. ఇందులోంచి పరిమితంగా కొన్ని తీస్తే వాటిలో కనబడే అతి పెద్ద సంఖ్య ఏదో ఒకటి ఉంటుంది, అది 5000 అనుకుందాం, క అంటే 5001 అనుకుంటే అన్నీ నిజమైపోతాయి. అంటే ఏ పరిమిత గుంపుకైనా మోడల్ ఉంది, కాబట్టి మొత్తానికీ ఉంది. ఆ మోడల్‌లో మామూలు సంఖ్యల గురించి నిజమైన ప్రతి ఫస్ట్ ఆర్డర్ వాక్యమూ నిజమే, కానీ 0, 1, 2 అన్నిటికంటే పెద్దదైన క కూడా అక్కడే ఉంది!

ఇక్కడ ఆగిపోకుండా కాసేపు గెలకండి. సున్నా కాని ప్రతి సంఖ్యకీ ముందు సంఖ్య ఉంటుంది అనేది ఫస్ట్ ఆర్డర్ వాక్యమే, కాబట్టి క కి ముందు ఒకటుంది, దానికి ముందు ఇంకొకటి, అలా కిందకి దిగుతూనే ఉంటాం, ఎప్పటికీ మామూలు సంఖ్యల దగ్గరికి చేరం. మరి ఇండక్షన్ ఏమైంది, ప్రతి సెట్‌కీ అతి చిన్నది ఉండాలి కదా అని డౌట్ రావాలి. రాకపోతే మళ్ళీ చదవండి. సమాధానం ఏంటంటే ఫస్ట్ ఆర్డర్‌లో మనం రాయగలిగిన ఇండక్షన్, ఫార్ములాతో చెప్పగలిగిన సెట్లకే వర్తిస్తుంది, మామూలు సంఖ్యల్ని మిగతావాటి నుంచి విడదీసి చెప్పే ఫార్ములా ఆ మోడల్‌లో ఒక్కటీ ఉండదు. ఈ ప్రశ్నతో రెండ్రోజులు నిద్ర పట్టకపోతే మీకు మోడల్ థియరీ పడినట్టే. అబ్బే, ఆ క దాకా కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసి లెక్కపెట్టొచ్చా అనే ఆలోచన వస్తే కంప్యూటబిలిటీ వైపు చూడండి, టెన్నెన్‌బామ్ థీరమ్ అని ఒకటుంది, అలాంటి కౌంటబుల్ (సంఖ్యలన్నిటికీ ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు వెయ్యగలిగిన) మోడల్‌లో కూడిక కూడా కంప్యూటబుల్‌గా ఉండదని చెప్తుంది.

చదవడం ఒక ఎత్తు, ప్రూఫ్ రాయడం ఇంకో ఎత్తు. మన యూనివర్సిటీ పరీక్షల్లో థీరమ్ బట్టీ పట్టి రాస్తే మార్కులు పడతాయి, బయట మాస్టర్స్‌లో ఎప్పుడూ చూడని స్టేట్‌మెంట్ ఇచ్చి వారం టైమిస్తారు. ఇప్పటి నుంచే ప్రతి ఎక్సర్‌సైజూ పూర్తి వాక్యాల్లో రాసి, వారం పక్కన పెట్టి, మళ్ళీ మీరే పరాయివాడి పేపర్ దిద్దుతున్నట్టు చదవండి. "క్లియర్లీ" అని రాసిన ప్రతిచోటా ఎందుకు క్లియరో ఒక లైన్ రాయలేకపోతే అక్కడ కన్నం ఉందన్నమాట. చూసిపెట్టేవాళ్ళు ఎవరూ లేకపోతే లీన్ అనే ప్రూఫ్ అసిస్టెంట్ ఉంది, దాని మీద నేచురల్ నంబర్ గేమ్ అని బ్రౌజర్‌లోనే ఆడుకునేది ఫ్రీగా దొరుకుతుంది, కూడికకి ఎటునుంచి కలిపినా ఒకటే అనేది కూడా ఇండక్షన్‌తో మీచేతే ప్రూవ్ చేయిస్తుంది, ఒక్క స్టెప్ ఎగ్గొట్టినా ఒప్పుకోదు. దానికి మొహమాటం లేదు, అదే దాంతో సుఖం.

ఇండియాలోనే చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు, కానీ కంప్యూటర్ సైన్స్ వైపు లాజిక్ బలంగా ఉంది, ప్యూర్ సెట్ థియరీ, మోడల్ థియరీ చేసేవాళ్ళు తక్కువ. చెన్నైలో రెండున్నాయి, సిరుసేరిలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), తరమణిలో ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్). ఆటోమాటా, వెరిఫికేషన్, మోడల్ లాజిక్ అంటే ఈ రెండిటినీ మొదట చూడాలి. సీఎంఐలో ఎమ్మెస్సీకి వాళ్ళ సొంత ఎంట్రన్స్ ఉంటుంది, పాత పేపర్లు సైట్‌లో పెడతారు, అవి చేసి చూస్తే మీ ప్రూఫ్ రాసే స్థాయి మీకే తెలిసిపోతుంది, అప్లై చెయ్యకపోయినా ఆ పేపర్లు చెయ్యండి. ఇక్కడ పీహెచ్‌డీకి చేరితే డబ్బుకి ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు చేశారు. అసోసియేషన్ ఫర్ లాజిక్ ఇన్ ఇండియా అని ఒక సంస్థ ఉంది, వాళ్ళు ఐఎస్‌ఎల్‌ఏ అని లాజిక్ స్కూల్, ఐసీఎల్‌ఏ అని కాన్ఫరెన్స్ పెడుతుంటారు, 2010లో ఆ స్కూల్ మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే జరిగింది. ఇలాంటి స్కూల్‌కి ఒక్కసారి వెళ్తే చాలు, సబ్జెక్టు ఎలా ఉంటుందో తెలుస్తుంది, పైగా రికమండేషన్ లెటర్ రాయగలిగిన మనిషి పరిచయం అవుతాడు, అదెంత ముఖ్యమో కింద చెప్తా.

బయట అంటే, లాజిక్ పేరుతోనే మాస్టర్స్ ఇచ్చే చోట్లలో నేను మొదట చెప్పేది యూనివర్సిటీ ఆఫ్ ఆమ్‌స్టర్‌డామ్. ఇన్‌ట్యూషనిజం (ఏదైనా ఉందని చెప్పాలంటే దాన్ని కట్టి చూపించాలనే వాదం) మొదలుపెట్టిన బ్రౌవర్ పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అది. అక్కడ ఐఎల్‌ఎల్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ లాజిక్, లాంగ్వేజ్ అండ్ కంప్యుటేషన్) అనే ఇన్‌స్టిట్యూట్ మాస్టర్ ఆఫ్ లాజిక్ నడుపుతుంది, రెండేళ్ళు, 120 క్రెడిట్లు, మొత్తం ఇంగ్లిష్‌లోనే. మ్యాథ్స్ వాళ్ళు, సీఎస్ వాళ్ళు, ఫిలాసఫీ, లింగ్విస్టిక్స్ వాళ్ళు ఒకే క్లాసులో కూర్చుంటారు. పక్కా సెట్ థియరీ, మోడల్ థియరీ మాత్రమే కావాలనుకునేవాళ్ళకి ఈ కలగాపులగం నచ్చకపోవచ్చు, వాళ్ళు మ్యాథ్స్ మాస్టర్స్‌లో లాజిక్ బలంగా ఉన్న చోట్లు చూసుకోవాలి. జర్మనీలో మున్‌స్టర్, బాన్, ఆస్ట్రియాలో వియన్నా, అక్కడైతే గోడెల్ పేరుతోనే రీసెర్చ్ సెంటర్ ఉంది, ఆయన 1929లో కంప్లీట్‌నెస్ థీరమ్ థీసిస్ రాసింది ఆ యూనివర్సిటీలోనే. ప్యారిస్‌లో ఎల్‌ఎంఎఫ్‌ఐ అనే కోర్సు చాలా గట్టిది, కానీ అది మాస్టర్స్ రెండో ఏడాది, సరైన మ్యాథ్స్ పునాది లేకుండా వెళ్తే మొదటి నెలలోనే ఊపిరాడదు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి లాజిక్‌లో మంచి పేరుంది, ఆక్స్‌ఫర్డ్‌లో మ్యాథమెటిక్స్ అండ్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్ అని ఏడాది ఎమ్మెస్సీ ఉంది, బార్సిలోనాలో ప్యూర్ అండ్ అప్లైడ్ లాజిక్ మాస్టర్స్ ఉంది.

అమెరికా దారి వేరు. అక్కడ ఎక్కువగా నేరుగా పీహెచ్‌డీలోనే తీసుకుంటారు, ఫీజు మాఫీ చేసి టీచింగ్ అసిస్టెంట్‌గా జీతం ఇస్తారు. బర్క్‌లీలో టార్స్కీ మొదలుపెట్టిన లాజిక్ గ్రూప్ సొంతంగా పీహెచ్‌డీ ఇస్తుంది, కార్నెగీ మెలన్, విస్కాన్సిన్, నోటర్‌డేమ్, యూసీఎల్‌ఏ, చికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ ఇవన్నీ లాజిషియన్లున్న చోట్లు. మూడేళ్ళ బీఎస్సీ ఒక్కటే ఉంటే కొన్ని ఒప్పుకోవు, ఎమ్మెస్సీ అయ్యాక వెళ్ళడమే నయం.

అప్లికేషన్‌లో ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) గురించి గట్టిగా చెప్పాలి. చిన్నప్పట్నుంచీ మ్యాథ్స్ అంటే ప్రాణం, గోడెల్ థీరమ్ చూసి నా జీవితం మారిపోయింది, ఇలాంటివి కమిటీ వాళ్ళు వందల్లో చదివి ఉంటారు. గోడెల్ మీద ప్రేమ సీటు ఇప్పించదు. దాని బదులు ఫలానా పుస్తకం ఫలానా చాప్టర్ దాకా ఎక్సర్‌సైజులతో సహా చేశాను, ఈ ప్రూఫ్‌లో ఈ స్టెప్ ఎందుకు అవసరమో ఇలా చూసుకున్నాను, ఇది తీసేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలనుంది అని రాయండి. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం ఏదో ఒక టాపిక్ ఎలాగూ తీసుకోవాలి కాబట్టి అల్ట్రాప్రోడక్ట్సో, క్వాంటిఫయర్ ఎలిమినేషనో గైడ్‌ని ఒప్పించి తీసుకుని ఇరవై పేజీలు శుభ్రంగా లేటెక్‌లో రాయండి, మీ అప్లికేషన్ మొత్తంలో బరువున్న కాగితం అదే అవుతుంది. సొంత రిజల్ట్ ఏమీ అక్కర్లేదు, తెలిసిన విషయాన్ని తప్పుల్లేకుండా రాస్తే చాలు.

రికమండేషన్ లెటర్లు మన దగ్గర ఎలా నడుస్తాయో తెలిసిందే, హెచ్‌ఓడీ సార్ "నువ్వే రాసి పట్రా, సంతకం పెడతా" అంటారు. అందులో సిన్సియర్, హార్డ్‌వర్కింగ్ తప్ప ఏముండదు, చదివినవాళ్ళకి అది తెలుస్తుంది. పెద్ద పదవిలో ఉన్నాయన కంటే మీరు బోర్డు మీద ప్రూఫ్ చేస్తుంటే చూసిన లెక్చరర్ రాసిన అరపేజీ మేలు. అందుకే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) లాంటి సమ్మర్ ప్రోగ్రామ్‌లకీ, పైన చెప్పిన లాజిక్ స్కూల్‌కీ వెళ్ళమంటున్నది. ట్రాన్స్‌క్రిప్ట్‌ల సంగతి మాత్రం ముందే చూసుకోండి, యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ తిరగడానికే టైమ్ పోతుంది, డిసెంబర్ డెడ్‌లైన్ అయితే ఆగస్టులోనే చలానా కట్టెయ్యండి. జర్మనీకైతే ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని తేల్చి ఇచ్చేది) కూడా కావాలి, 2022 నవంబర్ నుంచి మన స్టూడెంట్స్‌కి తప్పనిసరి చేశారు.

ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టొచ్చా? మాస్టర్స్‌కి పెద్దగా అవసరం లేదు. పీహెచ్‌డీకి పెట్టాలి, కానీ రెస్పెక్టెడ్ సర్ అని ఒకే మెయిల్ యాభై మందికి కొట్టద్దు, వాళ్ళ పేపర్ ఒకటి ఇంట్రడక్షన్ అన్నా చదివి ఐదు లైన్లు రాయండి.

డబ్బు విషయం. నెదర్లాండ్స్‌లో మనలాంటి యూరప్ బయటివాళ్ళకి ఫీజు అక్కడివాళ్ళు కట్టేదానికి చాలా రెట్లు ఉంటుంది, స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్ళడం మంచిది, లేదంటే ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ కట్టడానికే చదువయ్యాక నచ్చని ఉద్యోగంలో దూరాల్సొస్తుంది. స్కాలర్‌షిప్ డెడ్‌లైన్ ఒక్కోసారి అడ్మిషన్ డెడ్‌లైన్ కంటే ముందే ఉంటుంది, అది చూసుకోండి. మున్‌స్టర్, బాన్ లాంటి చోట ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ చార్జీలు కడితే చాలు, కానీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే అకౌంట్) డబ్బు చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇల్లు దొరకడం ఎంట్రన్స్ కంటే కష్టం, యూనివర్సిటీ హౌసింగ్‌కి అవకాశం ఇచ్చిన రోజే అప్లై చెయ్యాలి, తర్వాత చూద్దాంలే అంటే సెప్టెంబర్‌లో సూట్‌కేసు పట్టుకుని హాస్టల్ డార్మెటరీలో పడుకోవాల్సొస్తుంది.

చేరాక ఎలా ఉంటుందో ఆమ్‌స్టర్‌డామ్ లెక్కతోనే చెప్తా. సెమిస్టర్‌ని 8 వారాలు, 8 వారాలు, 4 వారాలు అని కోస్తారు. ఒక క్రెడిట్ అంటే 28 గంటల పని, మామూలు కోర్సు 6 క్రెడిట్లు, అంటే 168 గంటలు, దాన్ని 8 వారాలకి పంచితే వారానికి 21 గంటలు. రెండు కోర్సులు తీసుకుంటే 42 గంటలు, క్లాసులు పోగా మిగతాదంతా హోంవర్కే. మన దగ్గరిలా సెమిస్టర్ చివరి పది రోజులు కూర్చుని లాగేద్దాం అంటే కుదరదు, రెండో వారం హోంవర్క్ పోతే మూడో వారం క్లాసు అర్థం కాదు, ఎనిమిదో వారానికి కోర్సే అయిపోతుంది. మార్కులు పదికి వేస్తారు, 8 వస్తే చాలా బాగా చేసినట్టు, 10 ఎవరికో గానీ రాదు, మనకి తొంభై శాతాలు అలవాటు కాబట్టి మొదట్లో ఏడు చూసి ఏడుపొస్తుంది, ఇంట్లో వాళ్ళకి కూడా ముందే చెప్పి ఉంచండి. మొదటి బ్లాక్‌లోనే మూడు భారీ కోర్సులు పెట్టుకోకండి, వంట, చలి, సైకిలు, బ్యాంకు అకౌంటు ఇవన్నీ కూడా అప్పుడే మీద పడతాయి.

హోంవర్క్ కలిసి డిస్కస్ చెయ్యనిస్తారు చాలా కోర్సుల్లో, రాయడం మాత్రం ఎవరిది వాళ్ళు రాయాలి. బోర్డు దగ్గర నిలబడి నలుగురితో వాదించండి, మన పిల్లలు ఇంగ్లిష్ సరిగ్గా రాదని వెనక కూర్చుంటారు, అక్కడ ఇటాలియన్, చైనీస్ పిల్లల ఇంగ్లిష్ కూడా అంతంతే, ఎవరూ పట్టించుకోరు.

థీసిస్‌కి సూపర్‌వైజర్ కోసం మొదటి ఏడాది నుంచే చూస్తుండాలి. ఐఎల్‌ఎల్‌సీ పాత మాస్టర్స్ థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో పెడుతుంది, వేరే చోటికి వెళ్ళేవాళ్ళు కూడా అవి తిరగెయ్యండి, మాస్టర్స్ థీసిస్ అంటే ఎంత ఉండాలి, ఏ ప్రొఫెసర్ ఎలాంటి టాపిక్‌లు ఇస్తాడు అన్నీ అక్కడే అర్థమవుతాయి. జనవరి, జూన్ నెలల్లో ప్రాజెక్టులు ఉంటాయి, ఎవరి దగ్గర థీసిస్ చేద్దామనుకుంటున్నారో వాళ్ళ దగ్గర ఒక చిన్న ప్రాజెక్ట్ చేసి చూడండి, ఆయన మెయిల్‌కి రిప్లై ఇచ్చే మనిషేనా, తప్పు రాస్తే కూర్చోబెట్టి చెప్తాడా అనేది ఆ నెలలోనే తెలిసిపోతుంది.

ఆ తర్వాత? నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే నాలుగేళ్ళ ఉద్యోగం, జీతం ఇస్తారు, పోస్టు పడితే అప్లై చెయ్యడమే, కాకపోతే లాజిక్‌లో పోస్టులు తక్కువ, వెయిట్ చెయ్యాల్సొస్తుంది. చదువయ్యాక అక్కడే ఉండి వెతుక్కోడానికి ఏడాది పర్మిట్ ఉంది. అకడమిక్ లైన్ వద్దనుకుంటే ఇంట్లో అడిగే "దీంతో ఉద్యోగం వస్తుందా" అన్న ప్రశ్నకి సమాధానం ఫార్మల్ వెరిఫికేషన్. 1994లో పెంటియం చిప్‌లో భాగహారం తప్పొచ్చి ఇంటెల్‌కి 475 మిలియన్ డాలర్ల దెబ్బ తగిలాక చిప్ కంపెనీలు డిజైన్ కరెక్టో కాదో లాజిక్‌తో ప్రూవ్ చేయించడం సీరియస్‌గా తీసుకున్నాయి, హైదరాబాద్‌లో ఉన్న చిప్ డిజైన్ ఆఫీసుల్లో కూడా ఆ పేరుతో పోస్టులు పడుతుంటాయి. సెట్ థియరీలో థీసిస్ రాసినవాడికి అవి నేరుగా రావు, కాబట్టి ఏ బ్రాంచ్ తీసుకున్నా ఒక సెమిస్టర్‌లో శాట్ సాల్వర్ల (ఒక లాజిక్ ఫార్ములాని నిజం చెయ్యగలమా అని వెతికే ప్రోగ్రామ్‌ల) మీదో, మోడల్ చెకింగ్ (ఒక డిజైన్ చెప్పిన నియమం తప్పుతుందా అని ప్రోగ్రామ్‌తో చూడడం) మీదో ఒక కోర్సు, చేతిలో ఒక ప్రోగ్రామింగ్ ప్రాజెక్ట్ పెట్టుకోండి.